తరలిపోయిన జట్టు

మనుష్యుడు జీవనార్థమై యూరు విడిచి మఱియొక యూరికి కాపురము పోవుట లోకమున సహజము. కాని యొక ఫుట్‌బాలు జట్టు తన పేరును, తన్ను నమ్మినవారిని విడిచి యూరు మాఱుట నా యనుభవమునకు వచ్చినది 2025వ సంవత్సరముననే. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను పేర మన నగరమున వెలసిన జట్టు ఆ యేడు ఢిల్లీకి పోయి స్పోర్టింగు క్లబ్బు ఢిల్లీ యను పేరు దాల్చెను. ఆ వార్త చదివిన యుదయమున నేను పత్రికను మడిచి ప్రక్కనుంచి, కాఫీ చల్లాఱువఱకు కదలక కూర్చుంటిని. నా భార్య వచ్చి, "ఏమైందండీ? ఎవరికైనా బాగాలేదా?" అని యడిగినది. "మన జట్టు ఢిల్లీకి వెళ్ళిపోయింది" అంటిని. ఆమె నా ముఖమువంక చూచి, "పోతే పోనీండి. ఇకనైనా సెలవురోజున ఇంటిపట్టున ఉంటారు" అని లోనికి పోయినది.

ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. నేను నలువది యాఱేండ్లవాడను. సంస్కృతమును, ఇంగ్లీషును చదివికొని, ఆ రెంటిని పిల్లలకు చెప్పి బ్రతుకువాడను. ఇట్టివాడు ఇరువదియిద్దఱు యువకులు ఒక బంతివెంట పఱుగిడుచుండగా చూచి, గెలిచిననాడు పొంగుట, ఓడిననాడు అన్నము సహింపకుండుట వయస్సునకు తగినదా యని చదువరు లడుగవచ్చును. మా పాఠశాలలోని తెలుగు పండితులొకరు ఈ క్రీడకు "పాదకందుకము" అని పేరు పెట్టి, పేరు పెట్టుటతోడనే దానియెడ తమకు గల ఋణము తీఱినట్లు సంతోషించిరి. నా ఋణ మంత సులభముగా తీఱునది కాదు. అది నాకు పిత్రార్జితము.

మా తండ్రిగారు 1948లో జన్మించినవారు. సికింద్రాబాదులో రైల్వే గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గైకొనిరి. బాల్యమున వారు ఫతే మైదానమునకు నడచిపోయి, పోలీసు జట్టు ఆడుట చూచి, చీకటిపడిన పిమ్మట నిల్లు చేరి మా తాతగారిచేత దెబ్బలు తినిన కథ నాకు రామాయణకథకంటె ముందుగా తెలిసినది. వారు నాకు బంతిని తన్నుట నేర్పలేదు. ఆటగాండ్ర పేర్లు నేర్పిరి. "ఎవరు గెలిచారో పేపరు చెబుతుందిరా. ఎట్లా ఆడారో చూసినవాడే చెప్పాలి" అనెడివారు. కావున నేను కంటితో చూడని యాటగాండ్రను సైతము చెవితో చూచి పెరిగితిని.

ఆ పోలీసు జట్టు సామాన్యమైనది కాదు. 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును హైదరాబాదు సిటీ పోలీసువారే గెలిచిరి. 1950లో మోహన్ బగాను జట్టు నోడించి డ్యూరాండు కప్పు నెత్తుకొని వచ్చిరి. 1954లో మరల నదే కప్పు వారిది. 1957లో డ్యూరాండును, రోవర్సును రెండును వారివే. రాష్ట్రావతరణానంతరము కొంతకాలమునకు ఆ జట్టునకే ఆంధ్రా పోలీసు అను పేరు వచ్చెను. పేరు మాఱినను ఊరు మాఱలేదు. 1960లో రోవర్సు కప్పు, 1961లో మోహన్ బగానుపై డ్యూరాండు కప్పు, 1962లో ఈస్టు బెంగాలుతో కలిసి రోవర్సు, 1963లో తామొక్కరే రోవర్సు గెలిచిరి. 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీ హైదరాబాదుదే. కలకత్తావారికి ఫుట్‌బాలు తమ సొత్తను నభిమానము మెండు. ఆ దినములలో ఆ యభిమానమునకు గట్టి దెబ్బ కొట్టినవారు దక్కను పీఠభూమినుండి పోయిన కానిస్టేబుళ్ళు.

వీరికి శిక్షణమిచ్చిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయనను తలచుకొన్నప్పుడెల్ల నా హృదయ ముప్పొంగుటకు వేఱొక కారణము కలదు. ఆయన పోలీసు కాడు. నావలె బడిపంతులు. 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కాచిగూడ మొదలగు పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పెను. 1950 మొదలు 1963లో మరణించువఱకు సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలోనిదే. భారతదేశపు జట్టు కూడ ఆయన చేతిలోనిదే. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో మన దేశమునకు స్వర్ణపతకము వచ్చినది ఆయన శిక్షణముననే. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియా నోడించి మన జట్టు నాలుగవ స్థానమున నిలిచినదియు నాయన కాలముననే.

ఆయన బోధనపద్ధతిని గూర్చి వినునప్పుడు నాకు మంచి వ్యాకరణోపాధ్యాయుడు జ్ఞప్తికి వచ్చును. బంతిని కాలివద్ద నుంచుకొని పదిమందిని తప్పించుకొనుచు పోవుట చూచువారికి ముచ్చటయే. కాని యట్లాడువాడు తక్కిన పదుగురిని ప్రేక్షకులుగా మార్చును. అందుచేత రహీముగారు బంతిని తనయొద్ద నిలుపుకొనక వెంటనే తోడివాని కందింపవలెనను నియమముతో ప్రత్యేకముగా పోటీలు జరిపిరి. బలములేని కాలితోనే యాడవలెనను పోటీలను గూడ జరిపిరి. ఉపాధ్యాయులలో ననేకులము పిల్లవానికి వచ్చిన పాఠమునే మరల మరల చెప్పించి, పరీక్షాధికారియెదుట మెప్పు పొందుదుము. రాని కాలితో నడిపించుటకు సాహసించువారు కొలదిమంది. 1952లో హెల్సింకీలో మనవారు యుగోస్లావియాచేతిలో 10-1గా నోడిరి. మన జట్టులో పెక్కురు నాడు వట్టికాళ్ళతో నాడినవారే. ఆ పరాభవమును రహీముగారు విధివిలాసమని త్రోసివేయక పాఠముగా గైకొనిరి. నాలుగేండ్లకు మెల్‌బోర్నులో మనవా రెట్లు నిలిచిరో లోక మెఱుగును. జకార్తా విజయకాలమునకే ఆయనను క్యాన్సరు వ్యాధి పట్టియుండెను. 1963 జూన్ 11వ తేదీన గతించిరి. అఱువదేండ్లు దాటిన పిమ్మట 2024లో ఆయన జీవితముపై "మైదాన్" అను హిందీ చలనచిత్రము వచ్చువఱకు, నా తరగతిలో నాయన పేరు విన్న పిల్లవాడొక్కడును లేకుండెను.

మా తండ్రిగారు నేర్పిన పేర్లలో తులసీదాసు బలరాము పేరు ముందు వచ్చును. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పేదయింట పుట్టిన యతడు 1960 రోము ఒలింపిక్సులో హంగరీమీద నొక గోలును, పెరూమీద నొక గోలును చేసెను. ఆ రెండు పందెములలోను మనవా రోడిరి. అయినను మా తండ్రిగా రా గోళ్ళను గెలుపులవలెనే చెప్పెడివారు. ఈస్టు బెంగాలు క్లబ్బున కీర్తి గడించి, అనారోగ్యముచేత చిన్నవయస్సుననే ఆట మాని, బెంగాలుననే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న అచ్చటనే దేహము చాలించెను. ఆంధ్రా పోలీసు జట్టులోని యూసుఫ్ ఖాను జకార్తా స్వర్ణపతకమున భాగస్వామి. సిటీ పోలీసునుండియే పైకివచ్చిన సయ్యద్ నయీముద్దీను 1970లో బాంకాకున కాంస్యపతకము గెలిచిన భారతజట్టునకు నాయకుడు. ఆ జట్టులోనే యుండిన మహమ్మద్ హబీబును హైదరాబాదువాడే. 1977లో పేలే కలకత్తాకు వచ్చి కాస్మాసు జట్టుతరఫున ఆడినప్పుడు, మోహన్ బగాను పక్షమున నాతని కెదురుగా గోలు చేసిన వారిలో హబీబొకడు. ఆ యాట 2-2గా ముగిసెను. హబీబు 2023 ఆగస్టు 15న హైదరాబాదున గతించెను. ఒకే యేట బలరాము, హబీబు ఇద్దఱును పోయిరి. ఆ రెండు దినములును మా తండ్రిగారు స్నానము చేసి వచ్చి, ఎవరితోను మాటాడక వరండాలో కూర్చుండిరి.

ఈ పేర్ల నడుమ పెరిగిన నాకు స్వయముగా చూచి నాది యనుకొనుటకు ఒక జట్టు కావలసియుండెను. అది 2019లో దొరకెను. తొలియేడు పట్టికలో అట్టడుగున నిలిచినను, స్పెయినుదేశపు శిక్షకుడు మనోలో మార్కెజు చేతిలో రెండేండ్లలోనే మనుష్యుల జట్టుగా తయారయ్యెను. 2021-22లో మహమ్మారి కారణమున పందెము లన్నియు గోవాలోనే జరిగెను. కావున మన జట్టు మన యూర నాడకుండనే మన జట్టయ్యెను. నైజీరియాకు చెందిన ఒగ్బెచే యా యేడు 18 గోళ్ళు చేసెను. 2022 మార్చి 20న అంత్యపోటీ. కేరళ జట్టొక గోలు ముందుండగా, 88వ నిమిషమున సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన దెబ్బతో సమమయ్యెను. పిమ్మట పెనాల్టీలు. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటి నాపెను. మా తండ్రిగారు, నేను, నా కుమారుడు మువ్వురము టెలివిజనుముందు నిలువబడియుంటిమి. గెలిచితిమని తెలిసినప్పుడు మా తండ్రిగారు లేచి గంతులు వేయలేదు. నా భుజముపై చేయివేసి, "1963 తరువాత మళ్ళీ" అని మాత్ర మనిరి. నడుమ 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిన సంగతి వారికి జ్ఞాపకము లేక కాదు. ఆ క్షణమున లెక్కలు సరిచూచుటకు నాకును మనసు రాలేదు.

మఱుసటి యేడు పట్టికలో రెండవ స్థానము. అటుపిమ్మట పతనము. ధనము కఱవై, జీతములు సకాలమున నందక, ఆటగాండ్రు ఒక్కొక్కరుగా విడిచిపోయిరి. క్రొత్తవారిని చేర్చుకొనుటకు నిషేధము వచ్చెను. 2023-24లో ఇరువదిరెం డాటలలో నొక్కటి మాత్రము గెలిచి, 8 పాయింట్లతో నడుగున నిలిచెను. విడిచిపోలేక నిలిచిన కుఱ్ఱవాండ్రు, ఖాళీ కుర్చీల నడుమ, పందెము పందెమునకు నోడుచు కడవఱకు పఱుగెత్తిరి. నిజము చెప్పవలెనన్న, కప్పు గెలిచిన జట్టుకంటె ఆ యోడిన జట్టునే నే నెక్కువగా ప్రేమించితిని. 2024లో యజమానులు మాఱిరి. 2024-25లో పదుమూడు జట్లలో పండ్రెండవ స్థానము. ఆ పిదప ప్రయాణము.

ఢిల్లీవార్త చెప్పగా మా తండ్రిగారు కొంతసే పూరకుండి యొక ప్రశ్న యడిగిరి.

"అందులో మన పిల్లలు ఎంతమంది ఉన్నార్రా?"

నేను తడబడితిని. గోవావారు, కేరళవారు, మిజోరమువారు, విదేశీయులు ఉండిరి. మన మండలములలో పుట్టి పెరిగినవారు మిక్కిలి యరుదు. "అయితే పోయింది జట్టు కాదు, పేరు. జట్టు ఎప్పుడో పోయింది" అనిరి. ఆ మాట నన్ను నాలుగు దినములు నిద్రపోనీయలేదు.

పరదేశీయు లాడుట తప్పని నేననను. ఒగ్బెచేకు నేను కృతజ్ఞుడను. మనవాడు కలకత్తాకు పోయి బలరాము కావచ్చునేని, గోవావాడు మన యూరికి వచ్చి కట్టిమణి కాగూడదా? గుణము కులమును, ప్రాంతమును చూడదని పిల్లలకు బోధించువాడను, ఆటలో మాత్రము వేఱుగా చెప్పజాలను. కాని పోవుట, వచ్చుట రెండును జరుగుచుండిననే మార్గ మనిపించుకొనును. మన యూరినుండి పోవువారు లేక, వచ్చువారు మాత్రమే యున్నచోట, వారు పోయిననాడు మిగులునది ఖాళీ మైదానము. నాటి పోలీసు జట్టునకు వేళ్ళు పాఠశాలలలో నుండెను. వీధిలో నాడిన పిల్లవాడు బడిలో నాడెను. బడిలో నాడినవానికి పోలీసులో నుద్యోగము దొరకెను. ఉద్యోగముండుటచేత తల్లిదండ్రు లాటను నిందింపలేదు. నేడీ గొలుసులో ఏ లంకె తెగినదని విచారించుచు, క్రికెట్టును నిందించితిని, ప్రభుత్వమును నిందించితిని, ధనికులను నిందించితిని. నిందింపని మనుష్యు డొక్కడు మిగిలియుండెను.

పదేండ్లకు పూర్వము నా పదవ తరగతిలో నొక బాలు డుండెడివాడు. పేరు చెప్పను. సన్నగా, పొడవుగా నుండి, ఎడమకాలితో బంతిని కుట్టుసూదివలె నడిపెడివాడు. వానితల్లి కుట్టుపని చేసి పోషించుచుండెను. అర్ధసంవత్సర పరీక్షలో వానికి గణితమున తక్కువ మార్కులు వచ్చినవి. నే నా తల్లిని పిలిపించి, "అమ్మా, వీడు బంతి వదిలితే గాని బాగుపడడు" అని చెప్పితిని. ఆమె చేతులు జోడించి, "మీరెట్లంటే అట్లనే సారూ" అనినది. ఆ సాయంకాలమే నేను బంతిని తీసి బీరువాలో పెట్టి తాళము వేసితిని. వాడు నోరెత్తలేదు. పరీక్ష ఉత్తీర్ణుడయ్యెను. నేను మంచి యుపాధ్యాయుడనని పదిమందిలో చెప్పుకొంటిని. అదే యేడు రాత్రులయందు నేను టెలివిజనుముందు కూర్చుండి, మన దేశపు పిల్లలకు ఫుట్‌బా లెందులకు రాదని వాపోయినవాడనే.

2024-25లో నొకనాడు గచ్చిబౌలి మైదానమున ఆట ముగిసి బయటికి వచ్చుచుండగా, ఒక యువకుడు నా కడ్డమువచ్చి నమస్కరించెను. వాడే. మందుల దుకాణములో పనిచేయుచున్నాడట. తల్లి కుశలము చెప్పెను. జట్టు ఓటమిని గూర్చి నాకంటె తెలివిగా మాటాడెను. సెలవు తీసికొనుచు నవ్వి, "సార్, ఆ బంతి ఇంకా బీరువాలోనే ఉందా?" అనెను. వానినవ్వులో ద్వేషము లేదు. ఉండినయెడల నాకు కొంత సుఖముగా నుండెడిది.

వాడు గొప్ప యాటగాడై యుండునని నేననను. ఆ సంగతి నెవ్వరు నెఱుగజాలరు. ఎఱుగుట కవకాశము లేకుండ చేసినవాడను నేనని మాత్రము చెప్పుదును. చదువు వలదనుట కాదు నా యభిప్రాయము. రహీముగారు పట్టభద్రులు, చదువును, ఆటను ఒకే చేతితో నేర్పినవారు. ఒకదానికొఱకు మఱియొకదానిని తాళములో పెట్టుట సులభోపాయము. ఆ సులభోపాయమునకే మనము క్రమశిక్షణమని పేరు పెట్టితిమి. మన యిండ్లలో నాటను "పనిలేనివాని పని" యందుము. ఆడపిల్ల యాడిన నామాట కూడ అనము. "ఎవరైనా చూస్తారు" అందుము. నిజామాబాదు జిల్లాలోని యొక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య, క్రొయేషియాకు పోయి అచ్చటి క్లబ్బున చేరి, భారతదేశపు మహిళాజట్టులో నాడుచున్నది. ఆ మహిళాజట్టు 2025లో థాయిలాండును వారి దేశముననే 2-1గా నోడించి ఆసియా కప్పునకు అర్హత గడించెను. చూచెదరు గదా! చూడనిండు.

పోయిన జట్టును గూర్చి నేను చేయగలిగినది లేదు. నగరమున శ్రీనిధి డెక్కను జట్టు కలదు. ఐ-లీగులో 2022-23లోను, 2023-24లోను రెండవ స్థానమున నిలిచినది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ అంత్యపోటీ మన గచ్చిబౌలిలోనే జరిగి, బెంగాలు కేరళ నోడించెను. అతిథులకు చక్కగా మర్యాద చేసితిమి. అంత్యపోటీలో మాత్రము మన పేరు లేదు.

ఢిల్లీవార్త వచ్చిన వారమున నేను బీరువా తెఱచితిని. బంతి యున్నది. గాలి పోయి, తోలు పగిలి, పాత ప్రశ్నపత్రములక్రింద నణగియున్నది. అది పనికిరాలేదు. క్రొత్తవి రెండు కొంటిని. ఒకటి బాలురకు, ఒకటి బాలికలకు. బుధ, శని వారముల సాయంకాలములు ప్రధానోపాధ్యాయుల యనుమతితో ఆటకు కేటాయింపబడినవి. తొలిదినమున బాలికలు నలుగురే వచ్చిరి. ఒక తండ్రి వచ్చి, "మాస్టారూ, పదవ తరగతిలో ఇదేమిటండీ?" అని కొంచెము కోపముగానే యడిగెను. పదేండ్లనాడు నేనాడిన మాటలే నా కెదురై నిలిచినవి. నేను వారిని కూర్చుండబెట్టి మంచినీళ్ళిచ్చి, గంటసేపు మాటాడితిని. పూర్తిగా నొప్పుకొనలేదు. "పరీక్షలదాకా చూద్దాం" అని పోయిరి. ఇప్పటికి పదునొకండుగురు బాలికలు వచ్చుచున్నారు. ఒక జట్టునకు సరిపోవును గాని, ఎదిరిపక్షము లేదు.

మందుల దుకాణమునకు పోయి నా పూర్వశిష్యుని కీ సంగతి చెప్పితిని. ఆదివారము సెలవుగనుక వచ్చి పిల్లలకు నేర్పుమని యడిగితిని. వాడు కొంచె మాలోచించి, "మోకాలు నొప్పి సార్. చూస్తాను" అనెను. ఒక యాదివారము గడచినది, రాలేదు. రెండవ యాదివారమున వచ్చి, గోడప్రక్క నిలువబడి చూచి, ఏమియు ననకుండ పోయెను. మూడవ యాదివారమున చెప్పులు విడిచి లోనికి వచ్చెను. ఒక బాలికను పిలిచి, "నీకు కుడికాలు బాగుంది. ఈ గంటసేపు దాన్ని ముట్టుకోకు. ఎడమకాలితోనే ఆడు" అని చెప్పెను.

వానికి రహీముగారి కథ నేనెన్నడును చెప్పియుండలేదు. ఇంటికి పోయి మా తండ్రిగారితో ఈ మాట చెప్పితిని. వారు వరండాలోని కుర్చీలో లేచి కూర్చుండి, "వచ్చే ఆదివారం నన్నూ తీసుకెళ్ళరా" అనిరి.